ఇంజను సీలు కారుచున్నదా? ఊరిలోనే సరిచేసికొను విధము

భారత రాజ్యాంగమునకు 1992లో చేయబడిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చినది. దానితోపాటు చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన అంశములు 29 కలవు. వానిలో 11వది త్రాగునీరు. చిట్టచివరిదగు 29వది సామాజిక ఆస్తుల నిర్వహణము. ఈ రెండు అంశములును ఒక్కచోట కలిసికొను స్థలము ఏదనగా, ఊరి పంపు షెడ్డు.

కరెంటు ఉన్నంతవరకు మోటారు నీరు తోడును. గాలివానకు తీగలు తెగిననాడు, నడివేసవిలో ట్రాన్స్‌ఫార్మరు కాలిననాడు ఊరు ఆశపెట్టుకొనునది షెడ్డులో మూలనున్న డీజిలు ఇంజను మీదనే. అట్టి ఇంజను క్రింద నల్లని మడుగు, దానిపై చల్లిన ఇసుక, ప్రక్కన నూనె ఓడుచున్న బెల్టు అనేక గ్రామములలో కనిపించు దృశ్యము. "ఇంజనన్న తరువాత కారకుండునా?" యని ఆపరేటరు అనును, సభ్యులును సరేయందురు. ఆ మాట సరికాదని తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మంచి సీలు గల ఇంజను కారదు. కారు ఇంజనును, ఓపికయు శుభ్రతయు గల మనిషి ఒక పూటలో ఊరిలోనే బాగుచేయవచ్చును. ఏది ఊరిలో చేయదగినదో, ఏది మెకానిక్కునకే విడువవలెనో కూడ మేమిచట వివరింతుము.

చుక్కల లెక్క

కారు ఆయిలు చుక్కలుగా చూచినపుడు స్వల్పముగా తోచును. కొలిచి చూచినపుడే దాని సంగతి తెలియును. ఇంజను నడచుచుండగా చుక్కపడు చోట ఒక ఖాళీ డబ్బా నుంచి, గంటసేపు గడచిన పిమ్మట అందు చేరిన ఆయిలును మందుసీసా మూతతో కొలువుడు. గంటకు 10 మిల్లీలీటర్లు అనుకొందము. రోజునకు 8 గంటలు నడచిన 80 మిల్లీలీటర్లు. 25 దినములకు 2 లీటర్లు. చిన్న పంపు ఇంజనులు పెక్కింటిలో పట్టు ఆయిలే మూడు నాలుగు లీటర్లు. అనగా ఎవరును చూడనిచో ఒక నెలలో ఇంజను గర్భమున సగము ఆయిలు నేలపాలగును.

ఆయిలు తగ్గినకొలది బేరింగులకును క్రాంకు షాఫ్టునకును నడుమనుండవలసిన నూనె పొర పలుచనగును. ఆ పొర తెగిననాడు ఇనుము ఇనుమును రాచుకొనును. బేరింగు కరగి షాఫ్టునకు అంటుకొనును, ఇంజను బిగిసిపోవును. అప్పుడు షాఫ్టును సాన పట్టించుటకో మార్చుటకో పట్టణమునకు పంపవలెను. అది తిరిగి వచ్చువరకు స్త్రీలు బిందెలతో పొలముల బావుల వెంట తిరుగవలసి వచ్చును. కొలది వందల రూపాయలకు దొరకు రబ్బరు వలయమును సకాలమున మార్చనందుకు ఊరంతయు చెల్లించు మూల్యమది.

మరి రెండు నష్టములును కలవు. బెల్టు మీద పడిన ఆయిలు వలన బెల్టు జారును. పంపు వేగము తగ్గి, డీజిలు ఎక్కువ కాలి, నీరు తక్కువ వచ్చును. నేలపై పడిన ఆయిలు వలన మనిషి కాలు జారును. గిఱ్ఱున తిరుగు చక్రము ప్రక్కన కాలు జారుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు.

సీలు అనగా నేమి?

ఎద్దుబండి ఇరుసునకు రైతు కందెన పెట్టును. చక్రము తిరిగినకొలది కందెన అంచులనుండి వెలికివచ్చును. రైతు మరల పెట్టును. బండి నిదానముగ నడచును గనుక అంతటితో సరిపోవును. ఇంజను సంగతి వేరు. దాని కందెన నూనె లోపలనే ఉండి, లోపలనే తిరుగుచుండవలెను. కాని లోపలి షాఫ్టు పంపును త్రిప్పుటకై గోడను దాటి వెలుపలికి రాక తప్పదు. తిరుగు షాఫ్టు గోడకు తగులరాదు గనుక రంధ్రము షాఫ్టు కంటె పెద్దదిగా నుండవలెను. ఆ సందునుండి నూనె రాకుండ కావలి కాయునదే ఆయిలు సీలు.

సీలును చేతబట్టి చూచినచో మూడు భాగములు కనబడును. వెలుపల రేకు వలయము. ఇది గోడ రంధ్రములో బిగువుగా కూర్చుండును. లోపల రబ్బరు పెదవి; ఇది షాఫ్టును ఆనుకొని యుండును. పెదవి వెనుక సన్నని చుట్టతీగ స్ప్రింగు. ఇది పెదవిని షాఫ్టు మీదికి మెల్లగా అదుముచుండును. పూర్వము ఇట్టి సీళ్లకు తోలు వాడెడివారు. 1930 దశకము నుండి కృత్రిమ రబ్బరు దాని స్థానమును ఆక్రమించినది. నేడు సాధారణముగ వాడబడునది నైట్రైలు రబ్బరు. ఎక్కువ వేడి తగులుచోట్ల ఫ్లోరో రబ్బరును వాడుదురు.

ఆ చిన్న పెదవి చేయు చాకిరి ఎంతటిదో చూడుడు. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు ఇంజను 8 గంటలు నడచిన, షాఫ్టు 7,20,000 చుట్లు తిరుగును. షాఫ్టు మందము 40 మిల్లీమీటర్లైనచో, పెదవి క్రింద నొకనాటికి 90 కిలోమీటర్ల దూరము ఉక్కు జారిపోవును. ఇంత రాపిడికి పెదవి నిలుచుటకు కారణము, దానికిని షాఫ్టునకును నడుమ కంటికి కానరాని నూనె పొర యుండుటయే. కాలక్రమమున వేడికి రబ్బరు గట్టిపడును, పెదవి అరుగును, స్ప్రింగు వదులగును. దుమ్ము చేరినచో ఆ అరుగుదల మరింత త్వరపడును. అప్పుడు కారుట ఆరంభమగును.

కారునది సీలేనా?

ఆయిలు కనబడినచోటనే పుట్టినదని తలచుట పొరపాటు. పైననున్న రాకరు కవరు ప్యాకింగునుండి కారిన ఆయిలు ఇంజను ఒంటిపై జారి సీలు దగ్గఱ చేరవచ్చును. తిరుగు చక్రము దానిని నలుదిక్కుల చిమ్మును. డీజిలు పంపునుండి కారునది డీజిలే కావచ్చును; అది పలుచగా నుండును, వాసన వేరుగా నుండును.

అందుచేత మొదటి పని శుభ్రము చేయుట. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారిన పిమ్మట, డీజిలులో తడిపిన గుడ్డతో జిడ్డు తుడిచి, సబ్బునీటితో కడిగి, ఆరబెట్టుడు. ఆ సమయమున దరిదాపుల బీడీ గాని దీపము గాని ఉండరాదు. ఆరిన పిదప అనుమానమున్న చోట్ల మొగమునకు రాచుకొను పౌడరును పలుచగా అద్దుడు. ముగ్గుపిండి, ఇసుక, బూడిద వాడరాదు. వానిలోని గరుకు రేణువులు సీలు పెదవిలో చేరి షాఫ్టును అరగదీయును. పిమ్మట ఇంజనును పది నిమిషములు నడిపి ఆపి చూడుడు. పౌడరు మొదట ఎచట తడిసినదో కారుట అచటనే పుట్టినది. షాఫ్టు చుట్టు వలయముగా తడి కనబడి క్రిందికి జారినచో దోషము సీలుది. పైనుండి చార దిగినచో పై ప్యాకింగును చూడవలెను.

సీలు మార్చుటకు ముందు చూడవలసినవి

సీలు వద్దనే కారుచున్నను, తప్పు సీలుది కాకపోవచ్చును. ఈ మూడు సంగతులను పరీక్షింపక క్రొత్త సీలు వేసినచో అదియు కొలది దినములలో కారును.

మొదటిది ఆయిలు మట్టము. ఇంజను చదునుగా నున్నపుడు, ఆపి కొంతసేపైన పిమ్మట, కొలకడ్డీని తీసి తుడిచి మరల ముంచి చూడవలెను. ఆయిలు రెండు గీతల నడుమ నుండవలెను. "ఎక్కువ పోసిన మంచిదే" యను భావము తప్పు. పై గీత దాటినచో తిరుగు భాగములు ఆయిలును చిలికి నురుగు చేసి సీలు మీదికి విసరును.

రెండవది బ్రీదరు. పిస్టను క్రిందికి దిగినపుడెల్ల ఇంజను గర్భములోని గాలి నొక్కుకొనును. పిస్టను రింగుల సందున కొంత పొగయు దిగును. ఈ ఒత్తిడి వెలికిపోవుటకు పెట్టిన చిన్న మార్గమే బ్రీదరు. అది దుమ్ముతో, జిడ్డుతో, కందిరీగ గూటి మట్టితో మూసుకొనిపోవుట కలదు. మార్గము లేని ఒత్తిడి సీలును త్రోసికొని ఆయిలుతో సహా వెలికివచ్చును. బ్రీదరును విప్పి, కడిగి, ఊది, యథాస్థానమున బిగించి ఒకనాడు నడిపి చూడుడు. కారుట ఆగినచో పని పైసా ఖర్చు లేక పూర్తియైనట్లే. బ్రీదరు శుభ్రముగ నున్నను దానినుండి గుప్పుగుప్పున పొగ వచ్చుచున్నచో రింగులు అరిగినవని గుర్తు. ముందు వానిని మెకానిక్కునకు చూపవలెను.

మూడవది షాఫ్టు కదలిక. ఇంజను ఆగియున్నపుడు, బెల్టు తీసి, పుల్లీని రెండు చేతులతో పట్టుకొని పైకిని క్రిందికిని కదపి చూడుడు. ముందు వెనుకలకు కొంచెము కదలిక సహజము. కాని పైకి క్రిందికి చేతికి తెలియునంత ఆడినచో బేరింగు అరిగినది. ఊగులాడు షాఫ్టును ఏ సీలును కాపాడజాలదు.

సీలు కొనుట

సీలు ముఖము మీద మూడు అంకెలు అచ్చువేయబడి యుండును. ఉదాహరణమునకు 40-62-10 అని యున్నచో, షాఫ్టు మందము 40, గోడ రంధ్రము 62, సీలు దళసరి 10 మిల్లీమీటర్లని అర్థము. అంకెలు చెరిగిపోయినచో ఇంజను పేరును, నమూనాను, పలకపై నున్న సంఖ్యను వ్రాసికొని పోవలెను. "ఇంచుమించు సరిపోవును" అని దుకాణదారుడు చెప్పిన సీలును తీసికొనరాదు. కొన్ని సీళ్ల పెదవి మీద వాలు గీతలును, ముఖము మీద బాణపు గుర్తును ఉండును. అట్టిది ఒక దిక్కునకు తిరుగు షాఫ్టునకే పనికివచ్చును; ఇంజను తిరుగు దిక్కును ముందే గమనించి చెప్పవలెను.

సీలును మేకునకు వ్రేలాడదీయరాదు. పెదవి సాగి ఆకారము చెడును. ఎండ తగులని చోట కాగితములో చుట్టి పెట్టెలో నుంచవలెను. పెదవి మీద గాటుగాని పగులుగాని ఉన్నదేమో కొనునపుడే చూచుకొనవలెను.

పాత సీలును తీయుట

పనికి కావలసినవి: సరియైన స్పానరులు, పుల్లరు, స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, చదునైన చెక్కముక్క, నూలు గుడ్డలు, క్రింద పెట్టుటకు తట్ట. కండువా, వదులు చొక్కా, చేతి కడియము తీసివేయవలెను.

ముందుగా డీజిలు తిరుపును కట్టివేయుడు. హ్యాండిలును తీసి దూరముగ నుంచుడు. బ్యాటరీతో నడచు ఇంజనైనచో బ్యాటరీ తీగను విప్పుడు. పని ముగియువరకు ఎవరును ఇంజనును త్రిప్పరాదని చెప్పియుంచుడు.

తరువాత బెల్టును వదులుచేసి తీయుడు. పుల్లీ షాఫ్టు మీద ఎంతవరకు ఎక్కియున్నదో సుద్దతో గీత గీసికొనుడు. నట్టును గాని చీలను గాని తీసి, పుల్లీని పుల్లరుతో లాగుడు. సుత్తితో మోదినచో పుల్లీ పగులును, లేదా లోపలి బేరింగు దెబ్బతినును. పుల్లీకిని షాఫ్టునకును నడుమనుండు చిన్న ఇనుప కీ జారిపడి పోకుండ భద్రపరచుడు. కొన్ని ఇంజనులలో సీలు ముందు పుల్లీకి మారుగా బరువైన ఫ్లైవీలు ఉండును. అది యాభై కిలోలకు మించవచ్చును గనుక, తగిన పుల్లరును ముగ్గురు మనుషులును లేనిచో దానిని ముట్టరాదు.

ఇప్పుడు సీలు కనబడును. తీయకముందే అది గోడకు సమముగా నున్నదో, లోపలికి దిగియున్నదో, ఏ ముఖము వెలుపలికున్నదో గమనించి సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీయుడు. సీలు రేకు ముఖము మీద, ఎదురెదురుగా, షాఫ్టునకు దూరముగ రెండు సన్నని బెజ్జములు వేసి, వానిలో చిన్న స్క్రూలను బిగించి, పటకారుతో కొంచెము కొంచెముగా ఒక్కొక్క వైపు లాగినచో సీలు ఊడివచ్చును. బెజ్జము రేకును మాత్రమే దాటవలెను, లోతుగ పోరాదు. డ్రిల్లు మొనకు గ్రీజు రాచినచో ఇనుపరజను లోపల పడక గ్రీజునకు అంటుకొనును. ఎంతటి తొందరలోనైనను స్క్రూడ్రైవరును షాఫ్టునకు ఆనించి పైకెత్తరాదు. షాఫ్టు మీద పడిన ఒక్క గీత, పాత సీలు కంటె ఎక్కువ కార్పించును.

షాఫ్టు పరీక్ష

పని ఫలించునా లేదా యన్నది ఇచటనే తేలును. షాఫ్టును తుడిచి, పాత పెదవి ఆనినచోట చేతిగోటిని అడ్డముగ నడపుడు. మెరయు గీత కనబడినను గోరు తగులనిచో చింతలేదు. గోరు గాడిలో చిక్కినచో పెదవి షాఫ్టును తినివేసినదని తెలియవలెను. మెత్తని రబ్బరు ఉక్కును తినుటయా యని ఆశ్చర్యపడనక్కరలేదు. పెదవిలో ఇరుక్కొన్న దుమ్ము సానరాయివలె పనిచేసి ఏళ్లతరబడి గాడి చేయును.

గాడి స్వల్పమైనచో, రంధ్రములో చోటున్నంతవరకు క్రొత్త సీలును పాతదానికంటె ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇవతలగాగాని అవతలగాగాని కూర్చుండబెట్టవచ్చును. అప్పుడు పెదవి అరుగని చోట ఆనును. లోపల ఆయిలు తిరిగిపోవు రంధ్రమున్నచో అది మూసుకొనకుండ చూడవలెను. గాడి లోతుగ నున్నచో షాఫ్టుపై పలుచని ఉక్కు తొడుగు ఎక్కింపవలెను; అది మెకానిక్కు పని. చిన్న త్రుప్పు మచ్చలున్నచో మిక్కిలి సన్నని ఎమరీ కాగితపు పట్టీని ఆయిలులో తడిపి షాఫ్టు చుట్టును వలయముగ రుద్దవలెను. పొడవునా రుద్దరాదు, పొడవు గీతలు నూనెకు కాలువలగును. రుద్దునపుడు సందున గుడ్డ క్రుక్కి, తరువాత తీసి, చుట్టును శుభ్రముగ తుడువవలెను.

క్రొత్త సీలును బిగించుట

రంధ్రపు అంచులను తుడిచి, పాత జిగురు పెచ్చులున్నచో గీకివేయుడు. క్రొత్త సీలు పెదవికి శుభ్రమైన ఇంజను ఆయిలుగాని గ్రీజుగాని రాయుడు. పొడి పెదవి ఇంజను ఆరంభించిన కొలది నిమిషములలోనే మాడిపోవును. స్ప్రింగు కనబడు ముఖము లోపలికి, అనగా ఆయిలు వైపునకు ఉండవలెను. సాధారణముగ అంకెలున్న చదును ముఖము వెలుపలికి వచ్చును. తలక్రిందులుగ వేసిన సీలు తొలి గంటలోనే కారును.

షాఫ్టు చివరనుండు మరలు, కీ గాడి అంచులు కత్తివలె నుండును. వానిపై పలుచని ప్లాస్టిక్కు కాగితమును చుట్టి, దానిమీదుగ సీలును జార్చి, పిమ్మట కాగితమును లాగివేయుడు. సీలు రంధ్రపు అంచున సమముగ కూర్చున్న తరువాత చెక్కముక్కను అడ్డముంచి మెల్లగ తట్టుడు. ఒకేచోట తట్టక పైన, క్రింద, కుడి, ఎడమ వంతులవారీగ తట్టవలెను. సీలు వెలుపలి అంచునకు సరిపోవు చదునైన గొట్టపు ముక్క దొరికినచో మరింత మంచిది. సీలు వాలినట్లు కనబడినచో అంతటితో ఆపి ఎదుటి వైపున తట్టి సరిచేయవలెను. వంకరగ దిగిన సీలును బలవంతముగ దించరాదు.

పెదవికి ఏ జిగురును తగులరాదు. రంధ్రపు గోడ గీతలుపడి యున్నచో, సీలు వెలుపలి రేకునకు మాత్రము పలుచగ జిగురు రాయవచ్చును.

కీని గాడిలో నుంచి, పుల్లీని సుద్ద గీతవరకు ఎక్కించి బిగించుడు. ఇంజను పుల్లీకిని పంపు పుల్లీకిని ఒక దారమును బిగువుగ పట్టి రెండును ఒక వరుసలో నున్నవేమో చూడుడు. వరుస తప్పిన పుల్లీగాని, మితిమించి బిగించిన బెల్టుగాని షాఫ్టును ఒక ప్రక్కకు లాగి సీలును త్వరలో చెఱుచును. నూనె పట్టిన బెల్టును సబ్బునీటితో కడిగి ఆరబెట్టి వేయవలెను. బాగుగ నానిపోయినచో మార్చవలెను.

నడిపి చూచుట

ఆయిలు మట్టము చూచి, తక్కువైనచో తయారీదారు చెప్పిన రకము ఆయిలునే పోయుడు. హ్యాండిలుతో ఇంజనును నాలుగు చుట్లు చేతితో త్రిప్పి, ఏదియు రాచుకొనలేదని తెలిసికొన్న పిమ్మట ఆరంభింపుడు. పావుగంట బరువు లేక నడిపి ఆపి చూడుడు. మొదట కొంచెము తడి కనబడినచో అది మనము రాసిన గ్రీజు కావచ్చును. తుడిచి మరల పంపుతో ఒక గంట నడపుడు. అప్పుడు పొడిగ నున్నచో పని నెరవేరినది. మరునాడు ఉదయము కొలకడ్డీని చూచి మట్టమును వ్రాసి పెట్టుకొనవలెను.

సీలు మార్చుటకు మారుగ వెలుపలనుండి పుట్టీ మెత్తుట, గుడ్డ చుట్టుట కొందరి అలవాటు. తిరుగు షాఫ్టు మీద ఏదియు నిలువదు. గుడ్డ చుట్టుకొని ప్రమాదము తెచ్చును. కారుట ఆపునని బజారులో అమ్ము మందు ద్రవములు రబ్బరును కొంత ఉబ్బించి కొద్దికాలము ఊరట కలిగింపవచ్చును గాని, అరిగిన పెదవిని తిరిగి మొలిపింపజాలవు.

ఊరిలో చేయరాని పని

2019లో ఆరంభమైన పల్లెప్రగతి కార్యక్రమము నాటినుండి తెలంగాణములోని గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. ట్రాక్టరు ఇంజనునకును ముందొకటి, వెనుకనొకటి సీళ్లు కలవు. వెనుక సీలు క్లచ్చునకు ఆవల నుండును. దానిని చేరుటకు ట్రాక్టరును నడిమికి విడదీయవలెను. క్లచ్చు పెట్టె అడుగున ఆయిలు చుక్కలు కనబడుట, క్లచ్చు జారుట దానికి గుర్తులు. దీనిని చెట్టు క్రింద జాకీల మీద నిలిపి చేయ సాహసింపరాదు. అట్లే ఊగులాడు బేరింగు, లోతుగ తిన్న షాఫ్టు, పగిలిన గోడ గల ఇంజనులను మెకానిక్కునకే అప్పగింపవలెను.

పాత ఆయిలును ఏమి చేయవలెను?

పంపు షెడ్డు బావి ప్రక్కననో బోరు ప్రక్కననో ఉండుట సహజము. అచటనే ఆయిలు పారబోయుట ఊరి నోటిలో పోయుటయే. ఒక్కసారి ఆయిలు మార్చినపుడు వచ్చు పాత ఆయిలు పది లక్షల గ్యాలన్ల, అనగా సుమారు 38 లక్షల లీటర్ల, మంచినీటిని చెఱుపగలదని అమెరికా దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరించుచున్నది. 2019లో ఆరంభమైన జలజీవన్ మిషను మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు ఉద్దేశించినది. ఆ లెక్కన 38 లక్షల లీటర్లు, రెండువేల జనాభా గల ఊరికి ఒక నెలకు పైబడి సరిపోవు నీరు.

కనుక కారిన ఆయిలును, తుడిచిన గుడ్డలను, నూనె పీల్చిన ఇసుకను మూతగల డబ్బాలలో వేరువేరుగ నుంచవలెను. మురుగుకాలువలో పోయుట, పొయ్యిలో కాల్చుట, వీధి దుమ్ము అణచుటకు చల్లుట తగదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమముల ప్రకారము వాడిన ఆయిలు అనుమతి పొందిన పునఃశుద్ధి కేంద్రములకే చేరవలెను. అట్టి కేంద్రములకు సేకరించి పంపువారికి డబ్బా నిండినపుడు అప్పగించి రసీదు పుచ్చుకొనుట మంచిది.

పంచాయతీ చేయవలసినది

సభ్యులందరును స్పానరు పట్టవలెనని మేము చెప్పుట లేదు. కాని అడుగవలసిన ప్రశ్నలు తెలిసిన సభ్యుడు ఊరి సొమ్మును కాపాడును. షెడ్డులో నొక పుస్తకము వ్రేలాడదీసి, నాలుగు గడులు గీయింపుడు: తేదీ, నడచిన గంటలు, పోసిన డీజిలు, పోసిన ఆయిలు. నాలుగవ గడిలో అంకె పెరుగుచున్నదన్నచో ఇంజను మనతో మొరపెట్టుకొనుచున్నదని అర్థము. ఈ పుస్తకమును నెలకొకసారి సమావేశములో చదివించుటకు అయిదు నిమిషములు చాలును.

ఇంజనుకు సరిపడు సీళ్లు రెండు, కవరు ప్యాకింగులు, బెల్టు ఒకటి ముందుగనే కొని, కొలతలు వ్రాసి పెట్టెలో నుంచుటకు తీర్మానము చేయుడు. వేసవికి ముందు, మాఘ ఫాల్గుణ మాసములలో ఇంజనును ఒక పూట పూర్తి బరువుతో నడిపించి, క్రింద తెల్ల కాగితము పరచి చూడుడు. కాగితము మీద మచ్చలు పడినచో బాగుచేయుటకు అప్పటికింకను వ్యవధి యుండును. కరెంటు పోయిన రాత్రి, ఖాళీ బిందెలతో జనము షెడ్డు ముందు నిలిచిన తరువాత చేయు మరమ్మతు తొందరలో జరుగును; తొందరలో షాఫ్టుపై గీత పడును.

ఆపరేటరును నిందించుటకు కాక, నేర్పుటకు మొగ్గుచూపుడు. ఒకసారి మెకానిక్కు వచ్చి సీలు మార్చునపుడు ఆపరేటరును, ఊరిలో పనియందు ఆసక్తి గల ఇద్దరు యువకులను ప్రక్కన నిలుపుడు. ఆ ఒక్క పూట చూచి నేర్చిన విద్య ఊరికి ఏళ్లతరబడి ఉపయోగపడును. షెడ్డు నేల పొడిగ నున్నదా, కొలకడ్డీ గీతల నడుమ తడిసినదా యని ఈ వారమే ఒకమారు స్వయముగ పోయి చూడవలసినదని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.